సాంద్రత పెరిగితే తరంగవేగం తగ్గాలి కదా? భూకంప తరంగాల వేగం నుంచి భూగర్భ నిర్మాణాన్ని తెలుసుకోవడంపై చర్చ

భూగోళ_జిజ్ఞాసి:

సభ్యులందరికీ నమస్కారం. భూకంప తరంగాల వేగాన్ని బట్టి భూమి లోపలి పొరలను గుర్తిస్తారని డిగ్రీలో చదువుకున్నాను. లోతుకు వెళ్లేకొద్దీ శిలల సాంద్రత పెరుగుతుందని, అందువల్లనే తరంగాల వేగం కూడా పెరుగుతుందని అప్పట్లో నేర్చుకున్నాను. ఇన్నేళ్ల తరువాత ఈమధ్య అసలు సూత్రాన్ని చూసి ఆగిపోయాను. ఎస్ తరంగ (శిలను అడ్డంగా ఊపుతూ సాగే తరంగం) వేగం కావాలంటే దృఢతా గుణకాన్ని (ఆకారం మారకుండా పదార్థం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పేది) సాంద్రతతో భాగించి వర్గమూలం తీసుకోవాలి. పి తరంగానికైతే (శిలను నొక్కుతూ, వదులుతూ సాగేది) లవంలో ఆయత గుణకం (నొక్కుడుకు పదార్థం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పేది), దానికి తోడు 4/3 రెట్ల దృఢతా గుణకం ఉంటాయి. హారంలో మాత్రం అదే సాంద్రత. సాంద్రత హారంలో ఉన్నప్పుడు అది పెరిగితే వేగం తగ్గాలి కదా? నేను నేర్చుకున్నది తప్పా, లేక సూత్రాన్ని నేనే సరిగ్గా అర్థం చేసుకోలేదా?

రెండో సందేహం కూడా ఉంది. వేగం ఒక్కటే తెలిస్తే లోపల ఉన్నది రాయో ఇనుమో ఎలా చెప్పగలుగుతున్నారు?

రాతిపొర:

మీరు సూత్రాన్ని సరిగ్గానే చదివారు. సాంద్రత ఒక్కటే పెరిగి మిగిలినవి అలాగే ఉంటే వేగం తప్పకుండా తగ్గుతుంది. అయితే లోతుకు వెళ్లేకొద్దీ పీడనం పెరిగి శిల బిగుసుకుపోతుంది. ఆ బిగువు సాంద్రత కంటే ఎంతో వేగంగా పెరుగుతుంది. అంకెలు చూస్తే ఇది స్పష్టమవుతుంది. 1981లో జీవోన్‌స్కీ, ఆండర్సన్ ప్రచురించిన ప్రెమ్ అనే ప్రామాణిక నమూనాలో భూపటలానికి సరిగ్గా కింద, అంటే ప్రావారం (పటలానికి, కేంద్రమండలానికి మధ్య ఉన్న మందమైన రాతిపొర) పైభాగంలో, సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.38 గ్రాములు, ఆయత గుణకం 131 గిగాపాస్కల్‌లు, దృఢతా గుణకం 68 గిగాపాస్కల్‌లు. 2,891 కిలోమీటర్ల లోతున ప్రావారం అడుగుకు చేరేసరికి సాంద్రత 5.57 అవుతుంది, అంటే 1.65 రెట్లు. అదే ప్రయాణంలో ఆయత గుణకం 656కు, దృఢతా గుణకం 294కు చేరుతాయి, అంటే దాదాపు 5 రెట్లు, 4.3 రెట్లు. లవం అంతగా పెరిగి హారం ఇంత తక్కువగా పెరిగినప్పుడు, పి వేగం సెకనుకు 8.1 కిలోమీటర్ల నుంచి 13.7 కిలోమీటర్లకు పెరగడంలో ఆశ్చర్యం లేదు.

కాబట్టి మీరు నేర్చుకున్న మాటలో కారణం తారుమారైంది. సాంద్రత, వేగం రెండూ పీడనం వల్లనే పెరుగుతున్నాయి. ఒకటి రెండోదానికి కారణం కాదు. బోధనలో ఈ పొరపాటు నేను ఎన్నోసార్లు విన్నాను, ప్రతిసారీ మనసుకు కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే ఈ ఒక్క విషయం తేటపడకపోతే ఆ తరువాత వచ్చే కేంద్రమండలం (భూమి మధ్యలోని లోహపు గోళం) కథ అసలు అర్థం కాదు.

గణితాభిమాని:

కేంద్రమండలాన్ని రాతిపొర గారు ప్రస్తావించారు కనుక దాని సరిహద్దు లెక్కను ఇక్కడే చేసి చూపిస్తాను. భూగర్భంలో ఇంతకంటే పెద్ద మార్పు జరిగే చోటు మరొకటి లేదు. సరిహద్దుకు పైన పి వేగం సెకనుకు 13.7 కిలోమీటర్లు, కింద 8.06 కిలోమీటర్లు. ఈ పతనానికి కారణం ఏమిటని అడిగితే చాలామంది "లోపల ద్రవం ఉంది కాబట్టి" అంటారు. అది సగమే నిజం.

సరిహద్దుకు కింద ఆయత గుణకం 644 గిగాపాస్కల్‌లు. పైన ఉన్న 656తో పోలిస్తే ఇది పెద్ద తేడా కాదు. రాతి నుంచి కరిగిన లోహంలోకి అడుగు పెట్టినా, నొక్కితే ఎంతవరకు నలుగుతుందన్న గుణం దాదాపు మారలేదన్నమాట. మారినవి రెండు. దృఢతా గుణకం 294 నుంచి సున్నాకు పడిపోయింది, సాంద్రత 5.57 నుంచి 9.90కు ఎగబాకింది. ఇప్పుడు ఈ రెండింటినీ విడదీసి చూడండి. సాంద్రతను 5.57 దగ్గరే ఉంచి దృఢత్వాన్ని మాత్రం తీసేస్తే పి వేగం 10.85 వరకు తగ్గుతుంది. అక్కడి నుంచి 8.06 వరకు దిగడానికి కారణం సాంద్రతే. అంటే జిజ్ఞాసి గారు అడిగిన "సాంద్రత పెరిగితే వేగం తగ్గాలి కదా" అన్న ప్రశ్నకు ప్రకృతి ఇచ్చిన జవాబు సరిగ్గా ఈ సరిహద్దు దగ్గర కనిపిస్తుంది.

భూగోళ_జిజ్ఞాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ లెక్కను కాగితం మీద నేనూ చేసి చూసుకున్నాను, సరిపోయింది. అయితే ఇవన్నీ సిద్ధంగా ఉన్న పట్టికలోని అంకెలు. ఆ పట్టిక ఎలా వచ్చింది? పరికరం నేల మీద ఉంటుంది, భూకంపం ఎక్కడో వస్తుంది. మన చేతికి అందేది తరంగం చేరిన సమయం ఒక్కటే కదా? ఫలానా లోతులో ఫలానా వేగం అని దాని నుంచి ఎలా రాబడతారు?

లోలకం:

భూకంప నమోదు కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని కనుక మొదటి మెట్టు గురించి నేను చెబుతాను. ఆ రోజుల్లో కాగితం చుట్టిన డ్రమ్ము మీద రికార్డు పడేది. మా డ్రమ్ము నిమిషానికి 60 మిల్లీమీటర్లు తిరిగేది, అంటే ఒక సెకను ఒక మిల్లీమీటరు. భూతద్దం పెట్టుకుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో గీత ఎక్కడ మొదటిసారి కదిలిందో గుర్తు పెట్టేవాళ్లం. మామూలు రోజు కూడా గీత నిశ్చలంగా ఉండదు. గాలికి, దూరపు సముద్రపు అలలకు సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకులోంచి పి తరంగం మొదటి కదలిక బయటపడే చోటును అర మిల్లీమీటరు అటో ఇటో గుర్తిస్తే అర సెకను తప్పు. సెకనుకు 8 కిలోమీటర్ల వేగం దగ్గర అర సెకను అంటే 4 కిలోమీటర్లు. అందుకే ఒకే గుర్తును ఇద్దరం విడివిడిగా పెట్టి పోల్చుకునేవాళ్లం.

ఇక దగ్గరి భూకంపాల సంగతి. పటలం మందం 35 కిలోమీటర్లు, అందులో పి వేగం 6.3, దాని కింద ప్రావారంలో 8.1 అనుకోండి. అధికేంద్రానికి (భూకంపం పుట్టిన చోటుకు సరిగ్గా పైన, నేల మీది బిందువు) దగ్గరగా ఉన్న నమోదు కేంద్రానికి, పటలంలోనే నేరుగా వచ్చిన తరంగం ముందు చేరుతుంది. దూరం పెరిగేకొద్దీ మరొక తరంగం దాన్ని అందుకుంటుంది: అది కిందికి దిగి, సరిహద్దు వెంట 8.1 వేగంతో పరుగెత్తి, మళ్లీ పైకి వస్తుంది. దిగడానికి, ఎక్కడానికి ఖర్చయిన సమయాన్ని వేగంతో రాబట్టుకుంటుందన్నమాట. పైన చెప్పిన అంకెలకు దాదాపు 198 కిలోమీటర్ల దగ్గర రెండూ ఒకేసారి చేరుతాయి. ఆ తరువాత కిందినుంచి వచ్చినదే ముందు. దూరం అడ్డంగా, సమయం నిలువుగా పెట్టి గ్రాఫు గీస్తే రెండు సరళరేఖలు వస్తాయి. ఒక్కొక్క రేఖ వాలు ఆ పొర వేగాన్ని, రెండూ కలిసే చోటు పై పొర మందాన్ని చెబుతాయి.

1909 అక్టోబరు 8న జాగ్రెబ్‌కు దక్షిణాన కూపా లోయలో వచ్చిన భూకంపపు రికార్డులలో ఒకే భూకంపానికి రెండు జతల పి, ఎస్ రాకలను చూసి ఆండ్రియా మొహొరొవిచిచ్ చేసినది ఇదే. ఆయన ఆ సరిహద్దు 54 కిలోమీటర్ల లోతున ఉందని లెక్కగట్టారు. మనం మోహో అని పిలుస్తున్నది దాన్నే. డ్రమ్ము మీద ఆ రెండో కుదుపును నా కళ్లతో తొలిసారి గుర్తుపట్టిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది: మొదటిది చిన్నది, సన్నది, కొన్ని మిల్లీమీటర్ల తరువాత రెండోది, దానికంటే పెద్దది, పదునైనది.

గణితాభిమాని:

లోలకం గారు చెప్పిన పద్ధతి చదునైన పొరలకు. లోతైన భాగానికి భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకోవాలి, తరంగ మార్గం వంపు తిరుగుతుందన్న విషయాన్నీ తీసుకోవాలి. వేగం లోతుతో పెరుగుతూ ఉంటే, స్నెల్ నియమం (వేగం మారే చోట తరంగం ఎంత వంగుతుందో చెప్పేది) ప్రకారం, కిందికి దిగిన తరంగం క్రమంగా వంగి ఒక లోతులో అడ్డంగా ప్రయాణించి మళ్లీ పైకి లేస్తుంది. ఆ మార్గం పొడవునా మారని రాశి ఒకటుంది: భూకేంద్రం నుంచి దూరాన్ని, మార్గం నిలువుగీతతో చేసే కోణపు సైనుతో గుణించి, అక్కడి వేగంతో భాగిస్తే వచ్చేది. తరంగం అడ్డంగా ఉన్న చోట సైను విలువ 1. అంటే అట్టడుగు బిందువు దగ్గర ఆ రాశి కేవలం వ్యాసార్థాన్ని వేగంతో భాగించిన ఫలితమే అవుతుంది.

ఇందులో అందమైన విషయం ఏమిటంటే, ఆ రాశిని భూమి లోపలికి వెళ్లకుండానే కొలవవచ్చు. దూరాన్ని కోణంలో కొలిచి ప్రయాణ కాలపు వక్రరేఖను గీస్తే, దాని వాలే ఆ రాశి. 60 డిగ్రీల దూరం దగ్గర పి తరంగానికి ఆ వాలు డిగ్రీకి 6.9 సెకన్ల ప్రాంతంలో ఉంటుంది. రేడియన్‌లోకి మారిస్తే సుమారు 395 సెకన్లు. దాదాపు 1,500 కిలోమీటర్ల లోతున వ్యాసార్థం 4,870 కిలోమీటర్లు, వేగం 12.3, భాగిస్తే అదే 395 చుట్టూ వస్తుంది. ఒక్కొక్క దూరానికి ఒక్కొక్క అట్టడుగు బిందువు. ఆ బిందువు లోతు ఎంతో అప్పటికి తెలియదు కనుక, దగ్గరి దూరాలతో మొదలుపెట్టి వరుసగా సమాకలనం చేసుకుంటూ వెళ్లాలి. హెర్గ్‌లోట్జ్, వీకర్ట్ 20వ శతాబ్దం మొదట్లో ఇచ్చిన పద్ధతి అది.

దీనికి ఒక గట్టి పరిమితి ఉంది. ఎక్కడైనా వేగం లోతుతో పాటు ఒక్కసారిగా తగ్గితే తరంగం పైకి వంగదు, కిందికి వంగుతుంది. ఆ మండలంలో ఏ తరంగానికీ అట్టడుగు బిందువు ఉండదు. కాబట్టి ఈ పద్ధతి అక్కడ గుడ్డిదవుతుంది.

రాతిపొర:

ఆ గుడ్డితనమే ఒక ఆవిష్కరణకు దారి తీసింది. కేంద్రమండలంలోకి ప్రవేశించిన పి తరంగం వేగం తగ్గి లోపలికి వంగిపోవడం వల్ల, అధికేంద్రం నుంచి సుమారు 103 డిగ్రీల తరువాత 143 డిగ్రీల వరకు నేరుగా వచ్చే పి తరంగం కనిపించదు. దీనినే ఛాయా మండలం అంటారు. 1897 అస్సాం భూకంపాన్ని లోతుగా పరిశీలించిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్, భూమి మధ్యలో వేగం తక్కువగా ఉన్న భాగం ఒకటి ఉందని 1906లో వాదించారు. తరువాత కొన్నేళ్లకే బేనో గూటెన్‌బర్గ్ దాని సరిహద్దు లోతు సుమారు 2,900 కిలోమీటర్లని తేల్చారు. అప్పటి పరికరాలతో సాధించిన ఆ అంకె నేటి 2,891కి ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. "ఎస్ తరంగాలు రాలేదు కాబట్టి కేంద్రమండలం ద్రవమని తేలింది" అని అందరం చెప్పుకుంటాం. ఎస్ తరంగం కనిపించకపోవడం, అది లేకపోవడం ఒకటి కావు. బలహీనపడి ఉండవచ్చు కూడా. హరోల్డ్ జెఫ్రీస్ 1926లో ఈ ప్రశ్నను తేల్చినప్పుడు ఆయన ఆధారం వేరు. పోటుపాట్ల వల్ల భూమి మొత్తం ఎంత వంగుతోందో చూస్తే భూమి సగటు దృఢత్వం తెలుస్తుంది. తరంగవేగాల నుంచి ప్రావారం దృఢత్వం తెలుస్తుంది. సగటు కంటే ప్రావారమే ఎక్కువ దృఢంగా ఉన్నట్టు తేలింది. అలాంటప్పుడు లోపలి భాగం దృఢత్వం చాలా తక్కువగా ఉండి తీరాలి.

స్ఫటికం:

జిజ్ఞాసి గారి రెండో ప్రశ్న, అంటే వేగాన్ని బట్టి పదార్థాన్ని ఎలా గుర్తిస్తారన్నది, ఇంకా మిగిలే ఉంది. ఖనిజ భౌతికశాస్త్రం నా రంగం కాబట్టి దీని గురించి కాస్త వివరంగా రాస్తాను.

పి వేగం వర్గంలోంచి ఎస్ వేగం వర్గానికి 4/3 రెట్లు తీసేస్తే మిగిలేది ఆయత గుణకం, సాంద్రతల నిష్పత్తి. ఈ నిష్పత్తికి భౌతికంగా ఒక అర్థం ఉంది: పైనున్న బరువుకు పదార్థం ఎంత నలుగుతుందో అది చెబుతుంది. కాబట్టి పదార్థం మారకుండా కేవలం సొంత బరువుకే నలుగుతోందని అనుకుంటే, లోతుతో సాంద్రత ఏ రేటున పెరగాలో తరంగవేగాల నుంచే లెక్కకట్టవచ్చు. 1923లో విలియమ్సన్, ఆడమ్స్ చూపించినది ఇదే. సాంద్రతను నేరుగా కొలవలేకపోయినా, అది పెరిగే తీరును మాత్రం వేగాలే చెబుతున్నాయన్నమాట.

అయితే ఈ లెక్క దానంతట అది నిలబడదు. భూమి మొత్తం ద్రవ్యరాశితోను, జడత్వ భ్రామకంతోను (ద్రవ్యరాశి అక్షం నుంచి ఎంత దూరంగా పరచుకుని ఉందో చెప్పే రాశి) సరిపోవాలి. భూమి సగటు సాంద్రత 5.51. అంతటా ఒకే సాంద్రత ఉంటే జడత్వ భ్రామకపు గుణకం 0.4 అయ్యేది; భూమికి అది 0.33. బరువంతా మధ్యలో పోగైందనడానికి ఇదే సాక్ష్యం. 1936లో కీత్ బుల్లెన్ పై నుంచి కింది వరకు ప్రావారమంతా ఒకే పదార్థం నలుగుతూ పోయినట్టు లెక్క చేసి చూశారు. కేంద్రమండలానికి మిగిలిన జడత్వ భ్రామకపు గుణకం 0.4 కంటే ఎక్కువ వచ్చింది. అంటే కేంద్రమండలం బయట బరువుగా, మధ్యలో తేలికగా ఉండాలి, అది అసంభవం. కాబట్టి ప్రావారం మధ్యలో ఎక్కడో సాంద్రత కేవలం నలగడం వల్ల కాక ఇంకొక కారణంతో పెరిగి తీరాలి.

ఆ చోటు 410, 660 కిలోమీటర్ల లోతుల మధ్య ఉంది. ఆలివీన్ అనే ఖనిజం 410 దగ్గర, దాదాపు 14 గిగాపాస్కల్‌ల పీడనం వద్ద, వాడ్‌స్లీయైట్ అనే మరింత దట్టమైన రూపంలోకి మారుతుంది; ఇంకా లోతున అదే రింగ్‌వుడైట్ అవుతుంది; 660 దగ్గర, 23–24 గిగాపాస్కల్‌ల వద్ద, బ్రిడ్జ్‌మనైట్, ఫెర్రోపెరిక్లేజ్‌లుగా విడిపోతుంది. రసాయనికంగా మొత్తం అదే పదార్థం. అణువుల అమరిక మారింది, అంతే. వజ్రపు మొనల మధ్య చిన్న ఖనిజపు రేణువును నొక్కి, లేజరుతో వేడి చేసి ఈ మార్పులను ప్రయోగశాలలో చూడవచ్చు. భూకంప తరంగాలు చూపిన లోతు, ప్రయోగశాల చూపిన పీడనం ఒకదానితో ఒకటి సరిపోయినప్పుడే మనం ధైర్యంగా ఖనిజం పేరు పలుకుతున్నాం.

ఇనుము విషయమూ ఇంతే. బాహ్య కేంద్రమండలపు (కేంద్రమండలంలో బయటి ద్రవ భాగం) సాంద్రతను, అదే పీడనం, ఉష్ణోగ్రతల వద్ద శుద్ధమైన ఇనుముకు ఉండవలసిన సాంద్రతతో పోలిస్తే సుమారు 10 శాతం తక్కువ ఉంది. ఫ్రాన్సిస్ బర్చ్ 1952లోనే ఈ తేడాను ఎత్తి చూపారు. అందువల్ల ఇనుము, నికెల్‌లతో పాటు తేలిక మూలకాలు ఉండాలి. గంధకం, సిలికాన్, ఆక్సిజన్, కార్బన్, హైడ్రోజన్ అన్నీ అభ్యర్థులే. వీటి వాటాలు ఇంకా తేలలేదు.

తరంగిణి:

ఇప్పటివరకు జరిగిన చర్చంతా లోతుతో మాత్రమే మారే వేగం గురించి. ఒకే లోతులో ఒక చోటికి, మరొక చోటికి ఉండే తేడాలే నా పని. వేలకొద్దీ భూకంపాలు, వందలకొద్దీ కేంద్రాల మధ్య ప్రయాణ కాలాలను తీసుకుని, నమూనా చెప్పిన సమయానికి, నిజంగా చేరిన సమయానికి మధ్య తేడాను ఒక్కొక్క మార్గం వెంట పంచి వేస్తాం. ఇదే భూకంప టోమోగ్రఫీ. ప్రావారంలో ఈ తేడాలు చాలా వరకు ఒకటి రెండు శాతం మాత్రమే. లోలకం గారు చెప్పిన అర సెకను తప్పు మాకు ఎంత ఖరీదైనదో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

పత్రికల్లో వచ్చే ఎరుపు, నీలం చిత్రాలను చూసి ఎరుపంటే వేడి, నీలమంటే చల్లదనం అనుకోవడం చాలా మందికి అలవాటైంది. ఎరుపంటే ఆ లోతు సగటు కంటే వేగం తక్కువ, అంతవరకే. వేగం తగ్గడానికి వేడి ఒక కారణం కావచ్చు. కొద్దిపాటి శిల కరిగి ఉండవచ్చు. ఇనుము పాలు ఎక్కువై ఉండవచ్చు. పి, ఎస్ రెండింటినీ చూడాలని పట్టుబట్టేది ఇందుకే. కరిగిన ద్రవం చేరితే ఎస్ వేగం పి వేగం కంటే చాలా ఎక్కువగా పడిపోతుంది, ఎందుకంటే ఎస్ మొత్తంగా దృఢత్వం మీదే ఆధారపడి ఉంది. ఇంకొక జాగ్రత్త: కిరణాలన్నీ ఒకే దిశలో వెళ్లే ప్రాంతంలో, చిన్న వస్తువు ఆ దిశలో సాగదీసినట్టు చిత్రంలో కనిపిస్తుంది. అక్కడ పొడవైన స్తంభం కనిపించినంత మాత్రాన స్తంభం ఉన్నట్టు కాదు.

ఆఫ్రికా కింద, పసిఫిక్ కింద, ప్రావారపు అడుగున ఎస్ వేగం తక్కువగా ఉన్న రెండు మహా ప్రాంతాలు ఉన్నాయి. వీటిలో ఎస్ వేగం తగ్గిన చోట స్ఫటికం గారు చెప్పిన ఆయత గుణకం, సాంద్రతల నిష్పత్తి కొంత పెరిగినట్టు అనేక నమూనాలు చూపుతున్నాయి. వేడి ఒక్కటే కారణమైతే రెండూ కలిసి తగ్గాలి. అందువల్ల అక్కడ పదార్థమే వేరని నా అభిప్రాయం.

స్ఫటికం:

తరంగిణి గారితో ఇక్కడ పూర్తిగా ఏకీభవించలేను. 2004లో బ్రిడ్జ్‌మనైట్ ప్రావారపు అడుగు పీడనం వద్ద పోస్ట్‌పెరోవ్‌స్కైట్ అనే మరొక రూపంలోకి మారుతుందని కనుగొన్నారు. ఆ రూపంలో ఎస్ వేగం ఎక్కువ, ఆయత గుణకం, సాంద్రతల నిష్పత్తి కొంచెం తక్కువ. చల్లని చోట ఈ రూపం ఉండి, వేడి చోట లేకపోతే, పదార్థం ఒకటే అయినా మీరు చెప్పిన వ్యతిరేక సంబంధమే కనిపిస్తుంది.

తరంగిణి:

మీ మాట సరైనదే, అడుగు నుంచి కొన్ని వందల కిలోమీటర్ల వరకు ఆ వివరణ చెల్లుతుంది. కానీ ఆ ప్రాంతాలు అంతకంటే పైకి, కొన్నిచోట్ల వెయ్యి కిలోమీటర్ల వరకు విస్తరించి ఉన్నాయి. వాటి అంచులు కూడా కొన్నిచోట్ల చాలా నిటారుగా ఉన్నాయి. వేడి మాత్రమే కారణమైతే మార్పు ఇంకా మెల్లగా ఉండాలి. సాంద్రతను స్వతంత్రంగా కొలిస్తే తప్ప దీనికి తీర్పు రాదు. పెద్ద భూకంపాల తరువాత భూమి మొత్తం గంటలా మోగే స్వేచ్ఛా డోలనాలలో గురుత్వం పాత్ర ఉంది కనుక, సాంద్రత జాడ వాటిలో దొరుకుతుంది. ఇప్పటికైతే ఆ ఫలితాలు ఒకదానితో ఒకటి కలవడం లేదు.

భూగోళ_జిజ్ఞాసి:

ఇంతటి వివరం దొరుకుతుందని అనుకోలేదు. నేర్చుకున్న పద్ధతితో నేనే ఒక లెక్క చేశాను, దయచేసి సరిచూడండి. అంతర కేంద్రమండలపు (కేంద్రమండలంలో లోపలి ఘన గోళం) పైభాగంలో, అంటే 5,150 కిలోమీటర్ల లోతున, ఎస్ వేగం 3.50, సాంద్రత 12.76 అని పట్టికలో ఉంది. వేగాన్ని వర్గం చేసి సాంద్రతతో గుణిస్తే దృఢతా గుణకం దాదాపు 157 గిగాపాస్కల్‌లు వచ్చింది. ప్రావారం అడుగున అది 294. అంతకు రెట్టింపు కంటే ఎక్కువ పీడనంలో ఉన్న ఘన లోహానికి ఇంత తక్కువ దృఢత్వం ఎందుకు? అసలు బాహ్య కేంద్రమండలంలో ఎస్ తరంగం ప్రయాణించదు కదా, లోపలి ఎస్ వేగం ఎలా తెలిసింది?

రాతిపొర:

లెక్క సరిగ్గా ఉంది. చివరి ప్రశ్నకు ముందు జవాబిస్తాను. ఇంగే లేమాన్ 1936లో ఛాయా మండలంలో కనిపించిన బలహీనమైన పి రాకలను, ముఖ్యంగా 1929 న్యూజిలాండ్ భూకంపపు రికార్డులను పరిశీలించి, లోపల వేగం ఎక్కువగా ఉన్న మరొక గోళం ఉండాలని చెప్పారు. అది ఘనపదార్థమని అప్పటికి రుజువు కాలేదు. దాన్ని ఎస్‌గా దాటి, మళ్లీ పిగా మారి బయటికి వచ్చే తరంగం ఎంత బలహీనమంటే, దాన్ని చూశామన్న వాదనల మీద ఇప్పటికీ వివాదముంది. 1971లో జీవోన్‌స్కీ, గిల్బర్ట్ చూపిన ఆధారం తరంగిణి గారు చెప్పిన స్వేచ్ఛా డోలనాలే: లోపలి గోళానికి దృఢత్వం ఉందనుకుంటేనే వాటి ఆవర్తన కాలాలు సరిపోయాయి. పట్టికలోని 3.50 ప్రధానంగా ఆ దారిలో వచ్చినది.

స్ఫటికం:

దృఢత్వం సంగతికి వస్తే, అక్కడ ఆయత గుణకం 1,300 గిగాపాస్కల్‌లను మించి ఉంది, కాబట్టి నొక్కడానికి ఆ లోహం ప్రావారపు రాతికి రెండింతలు ఎదురు నిలుస్తుంది. జారడానికి మాత్రం తేలిగ్గా లొంగుతుంది. ఆ సరిహద్దు స్వయంగా గడ్డకట్టే సరిహద్దు. అంటే అక్కడి లోహం తన ద్రవీభవన ఉష్ణోగ్రతకు ఆనుకునే ఉంది. ద్రవీభవనానికి దగ్గరైన లోహంలో దృఢతా గుణకం బాగా తగ్గుతుందని ప్రయోగాలు, లెక్కలు చెబుతున్నాయి. స్ఫటికాల మధ్య కొద్దిగా ద్రవం చిక్కుకుని ఉందని కొందరు, ఇనుపు జాలకంలో తేలిక అణువులు కదులుతూ ఉండడం కారణమని కొందరు ప్రతిపాదించారు. పైగా భూభ్రమణాక్షం వెంట వెళ్లే పి తరంగం, భూమధ్యరేఖకు సమాంతరంగా వెళ్లేదాని కంటే సుమారు 3 శాతం వరకు వేగంగా అంతర కేంద్రమండలాన్ని దాటుతుంది. అంటే స్ఫటికాలు ఏదో ఒక క్రమంలో అమరి ఉన్నాయి. మీరు వాడిన 3.50 ఏ దిశకైనా ఒకే వేగం అనుకుని తీసిన సగటు. అందువల్ల మీ 157 కూడా సగటు విలువే. ఒక్కొక్క దిశకు లెక్క వేయాలంటే ఒక్క దృఢతా గుణకం చాలదు, షడ్భుజాకార ఇనుప స్ఫటికానికైతే స్వతంత్ర స్థితిస్థాపక స్థిరాంకాలు 5 కావాలి. ఆసక్తి ఉంటే ఆ లెక్కను వేరే చర్చగా మొదలుపెట్టండి, నేను తప్పకుండా పాల్గొంటాను.